కప్పు మీది మాట

పొద్దు వాలే వేళకు రాళ్లగూడెంలో ఆడవాళ్లు మేకల్ని దొడ్లోకి తోలుకునేవాళ్లు, కోళ్ల మీద గంపలు బోర్లించేవాళ్లు. బిక్షమ్మ మాత్రం పొయ్యి ముట్టించే ముందు వాకిట్లో నిలబడి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని తన గుడిసె కప్పు చూసుకునేది. పగలంతా తాను ఊళ్ల మీద అరిచి వచ్చిన మాటల్లో అబద్ధమేదన్నా ఉంటే అది ఆ వేళకే తిరిగొచ్చి తాటికమ్మల మీద వాలేది. ఒక్కటీ లేకపోతే హమ్మయ్య అనుకుని జొన్న గటక వండుకునేది. ఉంటే, ఇయ్యాల గిన్ని దిగినయి అని మొగుడికి చెప్పి అప్పుడూ గటకే వండుకునేది.

ఆమె మొగుడు బక్కయ్యది దండోరా డప్పు. సర్కారు హుకుం వచ్చినా, అంగట్లో కొత్త సరుకు దిగినా, ఎవరి ఎద్దు తప్పిపోయినా ఆ చుట్టు పల్లెలకు చాటింపు తాతల నాటి నుంచి వాళ్ల ఇంటిదే. అందుకు గాను గుట్ట కింద రెండెకరాల చెలక ఇనాంగా ఉండేది. మూడు తరాలు రాళ్లేరి గట్టు పోసిన చెలక. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఇంత ఆముదం. అదొక్కటి ఉండబట్టే దొర గడీ ముందు నిలబడి గింజలు అడుక్కునే పని ఆ ఇంటికి రాలేదు.

బక్కయ్యకు దమ్ము పట్టుకుని గొంతు పోయినప్పటి నుంచి అతను కొట్టేవాడు, ఆమె అరిచేది. ఆడదాని దండోరా ఎవడింటడని పటేలు మొదట్లో నవ్వాడు. ఆమె గొంతు వాగు దాటి అవతలి చేన్ల దాకా వినబడ్డాక ఊరుకున్నాడు. పని ఊరికే జరిగిపోతుంటే పటేళ్లకు ఆడా మగా పట్టింపు ఉండదు.

తిరిగొచ్చే మాట పావురమంత ఉండేది, దుమ్ము రంగులో. ముక్కూ రెక్కా ఉన్నట్టే ఉండి, తేరిపార చూస్తే ఏదీ కనబడేది కాదు. పగలు తనను ఏమని అరిచారో అదే కూర్చుని సణుగుతుండేది. బరువు మాత్రం రోకలిబండంత. ఆ మాటను నమ్మినవాళ్లు దాన్ని మరిచిపోయిన నాడు తనంతట తానే ఎండి, చిక్కుడు పొట్టులా రాలిపోయేది. పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు బిక్షమ్మ ఆ పొట్టు చేటకెత్తి పెంట మీద పోసేది.

అన్ని మాటలూ ఆమె ఇంటికే రావాలని లేదు. దండోరాకు పాత కట్టడి ఒకటి ఉంది. ముందుగా ఆ మాట ఎవరిదో పేరు చెప్పాలి. "ఇనుండ్రి, ఇది ఫలానా పటేలు మాట" అని మొదలుపెడితే అబద్ధం పటేలు ఇంటి మీదికి పోయేది. పేరు పెట్టని మాట అరిచిన నోటి ఇంటికి వచ్చేది. పన్ను తగ్గిస్తామన్న మాటలూ, బాట వేస్తామన్న మాటలూ సర్కారు పేరు మీద ఎన్ని అరిచిందో, అవన్నీ నల్లగొండ కచ్చేరీ మీద వాలి ఉంటాయి. అది రాతి కట్టడం, ఎన్నైనా మోస్తుంది. పాపం తాటికమ్మల కప్పుకు ఆ యోగం లేదు.

అంగట్లో పెద్ద దుకాణం బుచ్చయ్య సేటుది. ఒకసారి కల్తీ లేని నువ్వుల నూనె అని తన పేరు మీదే చాటింపు వేయించాడు. ఆ నూనెలో నువ్వులు ఏ మూల ఉన్నాయో గానుగ ఎద్దుకే తెలియాలి. వారం తిరగకముందే ఆయన మిద్దె దూలం పగిలింది. దుకాణం మూసి, మేస్త్రీని పిలిపించి, ఊతాలు పెట్టించుకున్నాడు. నూనె మార్చాలని ఆయనకు తోచలేదు. పేరు మానేయాలని తోచింది.

వాంతులతో మనుషుల్ని ఊడ్చుకుపోయే గత్తర వచ్చిన ఏడాది ఆయన పట్నం నుంచి సీసాల పెట్టెలు దింపించాడు. గత్తర మందన్నాడు. బెల్లం నీళ్ల రంగులో ఉండి ఓమ వాసన వచ్చేది. బక్కయ్యనూ బిక్షమ్మనూ దుకాణం వెనక వాకిట్లోకి పిలిచి, కూర్చోమనకుండానే విషయం చెప్పాడు.

"నా పేరు తియ్యకు బిక్షమ్మా. సర్కారు పేరు గూడ తియ్యకు. బక్కయ్య మొదలు సర్కారు దెబ్బ కొడతడు, నువ్వు మందు సంగతి చెప్తవు. అంతే. ఇనెటోళ్లు ఏమన్న అనుకుంటే అది వాళ్లిష్టం."

డప్పు మీద దెబ్బలు వేరువేరు. చావుకు ఒకటి, పెళ్లికి ఒకటి, జాతరకు ఒకటి. సర్కారు దెబ్బ ఆగి ఆగి పడేది. అది వినబడితే దున్నేవాడు నాగలి ఆపేవాడు. ఆ దెబ్బ వెనక వచ్చిన మాటను ఎవరూ ఎదురు అడిగేవాళ్లు కాదు, అడిగి బాగుపడ్డవాళ్లు లేరు కాబట్టి.

"పేరు లేకుంటే అయి నా ఇంటి మీదికే వస్తయి సేటు," అన్నది బిక్షమ్మ.

"రానీయరాదు. అందుకే గద నీ ఇంటికి రేకులు ఏపిస్తనంటున్న. రేకుల మీద ఎన్ని కూసుంటే ఏం?"

"మందు పనిజేస్తదా మరి?"

"పనిజేస్తే మర్లిరావు. పొద్దుగూకినంక నువ్వే చూసుకో."

జవాబు ఎంత నున్నగా ఉందో బిక్షమ్మకు అప్పుడే అర్థమైంది. కానీ ఆ ముసురుకు కప్పు మూడు చోట్ల కారుతోంది. ఆ తడికి బక్కయ్య కూర్చుని దగ్గుతుంటే వినలేక ఆమె బయటికొచ్చి నిలబడేది. రేకులు అన్న మాట చెవిలో పడ్డాక మిగతావన్నీ కొంచెం దూరమయ్యాయి.

అంగడి నాడు పొద్దున్నే డప్పు కాగబెట్టుకుని బయల్దేరారు. వాడవాడకూ సర్కారు దెబ్బ, వాడవాడకూ అదే మాట. గత్తర మందు దిగింది, ఒక్క సీసా తాగితే గత్తర ఇంటి గడప తొక్కదు, అంగట్లో దొరుకుతాంది. జనం పనులాపి విన్నారు, ముంతలు పట్టుకుని అంగడికి పోయారు. పక్క పల్లెలు కూడా తిరిగి, మళ్లీ ఊళ్లోకొచ్చి చివరి వాడ చేరేసరికి బిక్షమ్మ మడమల పగుళ్లలో నెత్తురు తేలింది. నాలుక పిడచకట్టింది. ఇంకో రెండు సందులు మిగిలాయి.

అక్కడ గుర్వమ్మ కడవ చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఒక ఈడువాళ్లు, ఒక సాలులో కలుపు తీసినవాళ్లు. గుర్వమ్మకు కొడుకు ఐలేశం, కోడలు యాదలక్ష్మి. కోడలు కాపురానికొచ్చి ఏడాది కాలేదు. ఆ పిల్ల రాకతో ఇంట్లో దీపం వేళకు వెలుగుతోందని గుర్వమ్మ ఊరంతా చెప్పుకునేది.

"అంతా మంచిగనే ఉన్నది గని, నువ్వు తాగినవానే బిక్షవ్వా?" అని అడిగింది గుర్వమ్మ.

తాగలేదంటే ఎందుకు తాగలేదంటుంది. దానికి ఇంకో జవాబు చెప్పాలి, ఇంకాసేపు నిలబడాలి. బిక్షమ్మకు కడుపులో మోసమేమీ లేదు. కాళ్లు మాత్రం ఇంటికి పోదామంటున్నాయి.

"మా ఇంట్ల గూడ తాగినం. ఏం గాలే," అన్నది.

ఊరికే ఆడవాళ్ల మాటగా పోయేదే. కానీ ఆమె మాట ఆపగానే డప్పు మీద పుల్ల వేయడం బక్కయ్య చేతికి ఏళ్ల నుంచి అలవాటు. చెయ్యి తనకు తెలియకుండానే పడింది. డప్పు పడిందంటే అది దండోరా. బిక్షమ్మ మొగుడి మొహం చూసింది. బక్కయ్య డప్పు మొహం చూశాడు. ఇద్దరూ తర్వాతి సందులోకి నడిచారు.

ఆ సాయంత్రం అవి గుంపుగా వచ్చాయి. కప్పు మీద చోటు చాలక ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. నడుమ గుంజ కిర్రుమన్నది. పక్కింటి ముసలామె తొంగి చూసి, ఇయ్యాల శాన దిగినయి గద బిడ్డా, జర ఇవతలి మూలకు పండుకోండ్రి అని చెప్పి పోయింది. రేకుల సంగతి అడగబోతే బుచ్చయ్య సేటు పట్నంలో రేకులు దొరకడం లేదన్నాడు. ఆ మాట డప్పు లేకుండా అన్నాడు కాబట్టి ఎక్కడా వాలలేదు.

నాలుగు రోజులకు యాదలక్ష్మికి వాంతులు పట్టుకున్నాయి. నార్కట్‌పల్లి దగ్గర సర్కారువాళ్లు గత్తర రోగులను చూసే డేరా వేశారని ఐలేశం ఎక్కడో విని బండి కట్టాడు. కట్టిన బండిని గుర్వమ్మే ఇప్పించింది. అడుగడుగు కుదుపుల్లో పిల్లను చంపుతావా, బిక్షమ్మోళ్లు తాగి మంచిగున్నరు, మన దగ్గర సీసా ఉండనే ఉన్నది అన్నది. ఎడ్లను ఇప్పి సీసా పట్టించారు. మర్నాడు పొద్దెక్కేసరికి పిల్ల లేదు.

బిక్షమ్మ చావుకు పోయింది. గుర్వమ్మ ఆమెను పొమ్మనలేదు, రమ్మనలేదు. ఏడుస్తూ ఒక్కసారి తలెత్తి ఆమె వైపు చూసి మళ్లీ దించుకుంది. బిక్షమ్మ ఇంటికొచ్చేసరికి కప్పు మీదంతా అదే సణుగుడు. ఒక్క సీసా తాగితే, ఒక్క సీసా తాగితే అని. ఆ గోలలో అంచున కూర్చున్న ఒకటి మాత్రం సన్నగా, మా ఇంట్ల గూడ తాగినం అంటోంది.

హుకుం లేకుండా సర్కారు దెబ్బ కొట్టారన్న సంగతి తహసీలు దాకా పోయింది. మనుషులు చచ్చినందుకు కాదు, సర్కారు దెబ్బ సర్కారుది కాబట్టి. జవాను వచ్చి మొగుడూ పెళ్లాలిద్దర్నీ నడిపించుకుపోయాడు. బుచ్చయ్య సేటు తన బండిలో వచ్చాడు. తహసీల్దారు సాబు పెద్దవాడు, అప్పటికే అలసి ఉన్నాడు. గత్తర కాగితాల మీద ముద్దర్లు వేసి వేసి వేళ్లు నల్లబడ్డాయి.

మందు అమ్మింది నిజమేననీ, అమ్మడం తప్పు కాదనీ, అరవమని మాత్రం తాను చెప్పలేదనీ బుచ్చయ్య చేతులు కట్టుకుని చెప్పాడు. కావాలంటే ఊరందర్నీ అడగండి, దండోరాలో నా పేరుందా అన్నాడు. లేదు. అదే ఆయన పత్రం, అదే ఆయన సాక్షి.

తహసీల్దారు తీర్పు తేలిక మాటల్లో చెప్పాడు.

"ఏ వాడల్లో అరిచినవో ఆ వాడల్లనే, అదే డప్పుతోని, అది అబద్ధమని చాటు. ప్రతి మాటకూ ముంగట అది ఎవరిదో పేరు పెట్టు. పొద్దుగూకే యాళకు మా గిర్దావరు వచ్చి నీ కప్పు చూస్తడు. ఖాళీ ఉంటే మాట నీది గాదు, ఇనాం నీకే ఉంటది. ఒక్కటి మిగిలినా మాట నీది, ఇనాం సర్కారుది."

బుచ్చయ్య సంగతేమిటని బిక్షమ్మ అడిగింది. ఆయన కప్పు ఆయన మోసుకుంటాడన్నాడు తహసీల్దారు.

తిరిగొచ్చే తొవ్వలో బక్కయ్య ఊరి పొలిమేరలో తమ చెలక దగ్గర ఆగి గట్టు మీద కూర్చున్నాడు. దమ్ము తీరేదాకా ఆమె కూడా కూర్చుంది. ఆముదపు మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి.

"అన్నీ పోతయి," అన్నాడు అతను. "గుర్వమ్మ ఇంటి ముంగట అన్నదొక్కటే మిగులుతది. దాన్ని గూడ సేటు నెత్తిన ఎయ్యి. ఆయన పేరు పెడితే చాలు, ఆయన మిద్దె మీదికే పోతది."

"అది ఆయన మాట గాదు."

"గాకున్నా పోతది. ముంగట పెట్టిన పేరు దిక్కు పోవుడే గని వాటికేమెరుక? ఆయనకు అన్నిట్ల అదొకటి."

"గుర్వమ్మకు ఎరుక గద."

"గుర్వమ్మ మన చెలక దున్నదు," అన్నాడు బక్కయ్య. అతను చెడ్డవాడు కాదు. తాత ఏరిన రాళ్ల మీద కూర్చుని ఉన్నాడంతే. బిక్షమ్మ ఒక ఆముదం ఆకు తుంచి వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంది. 

వచ్చే అంగడి నాడు బయల్దేరారు. ఇనుండ్రి, గత్తర మందని నేను అరిచింది అబద్ధం, అది బుచ్చయ్య సేటు మాట, సర్కారుది గాదు. వాడవాడకూ అదే. మొదటి వాడ దాటేసరికే గుడిసె కప్పు మీది నుంచి అవి లేచాయి. పావురాల మందలా చప్పుడు లేకుండా ఊరి మీదుగా పోయి బుచ్చయ్య మిద్దె మీద దిగాయి. వడ్లు ఆరబోసుకుంటున్న వాళ్లు తలెత్తి చూసి, నీడ పడకుండా గింజలు ఇవతలికి లాక్కున్నారు. దూలం కుంగి, దుకాణం తలుపు చౌకట్టులో బిగుసుకుపోయి తెరుచుకోలేదు. సేటు లోపలి నుంచి మేస్త్రీ కోసం కబురు పెట్టాడు.

గుర్వమ్మ వాడకు వచ్చేసరికి మళ్లీ అదే వేళ, అవే మడమలు. గుర్వమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఐలేశం గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. బక్కయ్య పెళ్లాం వైపు బతిమాలినట్టు చూశాడు. అప్పుడు మాత్రం అతని చెయ్యి తనంతట తాను పడలేదు. ఆమె ఏమంటుందోనని గాలిలో ఆగింది.

"ఇనుండ్రి," అన్నది బిక్షమ్మ. "మా ఇంట్ల గూడ తాగినం అన్నది అబద్ధం. మేం తాగలే. అది బుచ్చయ్య సేటు మాట గాదు. అది బిక్షమ్మ మాట."

పుల్ల పట్టుకున్న చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆమె మొగుడి వైపు తిరగకుండా, కొట్టు అన్నది. కొట్టాడు.

గుర్వమ్మ లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకుంది.

పొద్దు వాలుతుండగా గిర్దావరు గుర్రం మీద వచ్చాడు. దిగే పని కూడా పడలేదు. ఖాళీ కప్పు అంచున ఒక్కటి, ఎప్పుడూ లేనంత స్పష్టంగా కనబడుతోంది. అది ఎవరిదని అడిగాడు. నాదే అన్నది బిక్షమ్మ. ఆయన కాగితం మీద ఏదో గీసుకుని, నీళ్లడిగి తాగి పోయాడు. బుచ్చయ్య మాటలు మందకు మంద ఉన్నా ఆయనకు పోయింది ఒక దూలం. బిక్షమ్మది ఒక్కటే, దానికి రెండెకరాలు. కానూను పుస్తకాల్లో ఇది ఎక్కడో సరిగ్గానే కుదురుతుంది కాబోలు.

చెలక పోయింది గానీ దండోరా పోలేదు. ఇనాం లేకపోయినా అరవాల్సిందే, అది వెట్టి అన్నాడు పటేలు. బక్కయ్య కొన్నాళ్లు పెళ్లాంతో మాట్లాడలేదు, తర్వాత దగ్గు వస్తే నీళ్లడగాల్సి వచ్చి మాట్లాడాడు. ఇద్దరూ కూలికి పోయారు. చెలక దక్కిన కొత్త రైతు వాళ్లు వేసిన ఆముదాన్నే కోసుకున్నాడు.

గత్తర తగ్గినట్టే తగ్గి మళ్లీ రేగింది. సర్కారు హుకుం వచ్చింది, జబ్బు పడ్డవాళ్లను డేరాకు తీసుకురమ్మని. బక్కయ్య సర్కారు దెబ్బ కొట్టాడు. ఒక్కడూ నాగలి ఆపలేదు. ఇది ఏ సేటు మందో అని ఒకడు నవ్వాడు కూడా. ఇంకో వాడలో పిల్లలు డప్పు వెనక నడుస్తూ, ఒక్క సీసా తాగితే అని పాడారు.

మర్నాడు బిక్షమ్మ కూలి మానుకుని నార్కట్‌పల్లికి నడిచిపోయి డేరా చూసి వచ్చింది. ఆ మర్నాడు మళ్లీ వాడలు తిరిగింది. అప్పుడు సర్కారు పేరు తియ్యలేదు. ఇది బిక్షమ్మ మాట అని మొదలుపెట్టి, నేను పోయి చూసిన, అందరు బతుకుతలేరు, శానమంది బతుకుతున్నరు, నీళ్లు కాగవెట్టి తాపుతున్నరు అని చెప్పింది. ఆమె కప్పు మీద ఏమన్నా వాలుతుందేమోనని జనం సాయంత్రం కోసం చూశారు.

ఆ సాయంత్రం గుర్వమ్మ ఆమె వాకిట్లోకి వచ్చింది. చావు తర్వాత ఆ గడప వైపు రావడం అదే మొదలు. జుట్టు ముడేసుకోలేదు. లోపలికి రాకుండా చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని కప్పు చూసింది. ఇవతలి వాలు చూసింది, ఇంటి చుట్టూ తిరిగి అవతలి వాలు చూసింది. కొత్తది ఒక్కటీ లేదు. పాతది అంచునే ఉండి సణుగుతోంది. మా ఇంట్ల గూడ తాగినం, ఏం గాలే. గుర్వమ్మ దాన్ని కదలకుండా నిలబడి మొత్తం విన్నది.

"ఐలేశానికి పొద్దటి సంది వాంతులు," అన్నది, కప్పు వైపే చూస్తూ. "బండి కట్టిచ్చిన. తొవ్వ చూసినదానివి, నువ్వు ముంగట కూసో."

బిక్షమ్మ పొయ్యి ముట్టించకుండానే కొంగు నడుముకు చుట్టుకుని బయల్దేరింది. తొవ్వలో ఇద్దరూ కుదుపు వచ్చినప్పుడల్లా బండిలో పడుకున్నవాడి తలకు చెరో వైపు నుంచి చెయ్యి అడ్డం పెట్టారు.

కప్పు మీది ఆ మాట ఎండి రాలలేదు. దాన్ని మరవాల్సినవాళ్లు మరవలేదు. ఆ వచ్చే ఎండాకాలంలో కొత్త తాటికమ్మలు మోసుకొచ్చి బిక్షమ్మ గుడిసె కప్పింది డేరాలో బతికి తిరిగొచ్చిన ఐలేశమే. కూలి అడగలేదు. అది కూర్చునే అంచు దగ్గరికి వచ్చినప్పుడు కాసేపు ఆగి చూశాడు. తర్వాత కిందికి దిగి, లావుపాటి వాసం ఒకటి వెతికి తెచ్చి, సరిగ్గా దాని కింద పెట్టి కట్టాడు.